బాయిలర్ కింద తడి బూడిద

బాయిలర్‌కి జబ్బు చేస్తే చెవితో కనిపెట్టగలిగిన మనిషి పల్నాడు మొత్తానికి నేనొక్కడినేనని నా నమ్మకం. మాచర్ల నుంచి నరసరావుపేట దాకా ఎవరినైనా తీసుకొచ్చి పోటీ పెట్టండి, నేను సిద్ధం. పదేళ్ళ వయసులో, మా ఇంట్లో పెద్దవాళ్ళంతా తలలు పట్టుకుని కూర్చున్న వేళ, రగులుతున్న మా రాగి బాయిలర్‌కి చెవి ఆనించి "లోపలి గొట్టం కారుతోంది" అని తేల్చి చెప్పినవాణ్ణి. ఆ ఒక్క మాటతో, పుట్టింటికి పంపించేయబోతున్న మా వదిన ప్రయాణం ఆగిపోయింది. బండికి కట్టిన ఎడ్లను విప్పేశారు. మా అమ్మ నా నోట్లో పంచదార పోసింది. ఈ కథ ఎన్ని పెళ్ళిపందిళ్ళలో చెప్పానో, ఎన్ని బస్సుల్లో పక్కసీటు వాళ్ళకి చెప్పానో లెక్కలేదు. విజయపురి సౌత్‌లో కాలవల ఆఫీసులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ, బదిలీ మీద వచ్చిన ప్రతి ఇంజనీరుకీ మొదటి వారంలోనే వినిపించేవాణ్ణి. "రగులుతున్న బాయిలర్‌కి చెవి ఆనిస్తే చెవి కాలలేదా?" అని ఒక్క ఇంజనీరూ అడగలేదు. అడిగి ఉంటే అక్కడే దొరికిపోయేవాణ్ణి.

పోయిన చలికాలం ఆ వదినే, రత్తమ్మ వదిన, మా ఇంటికి వచ్చింది. అన్నయ్య పోయాక ఆవిడ తన పుట్టిన ఊరు మాచవరంలోనే కూతురి దగ్గర ఉంటోంది. కంట్లో శుక్లం ముదిరింది, ఆపరేషన్ నరసరావుపేటలో చేయిద్దాం, మా ఇంట్లోనే ఉండి కోలుకోవచ్చు అని నేనే పిలిపించాను. వచ్చిన రోజు ఆవిణ్ణి చూడటానికి ఇరుగుపొరుగు వచ్చారు. వినేవాళ్ళు దొరికారు గదా, నేను ఊరుకుంటానా? బాయిలర్ కథ మొదలుపెట్టి, ఎడ్లను విప్పించి, పంచదార తిని, ముగించాను. అందరూ వదిన వంక చూశారు. ఆవిడ మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "వీడికి నోరు బాగా తిరుగుద్దమ్మా, చిన్నప్పటి నుంచీ అంతే" అంది. అందరూ నవ్వారు, నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

మా బాత్‌రూమ్‌లో గీజర్ అప్పటికే కొన్నాళ్ళుగా అదోలా ఉంది. స్విచ్ వేస్తే లోపల గులకరాళ్ళు దొర్లుతున్నట్టు చప్పుడు. నీళ్ళు కాగడానికి ఇదివరకటి కంటే చాలాసేపు పట్టేది. మొదట వచ్చే చెంబు, రెండు చెంబులు టీ రంగులో ఉండేవి. ఎవరినైనా పిలిపించి చూపించండి అని మా ఆవిడ సుశీల పోరుతూనే ఉంది. చెవి విద్య తెలిసిన మొగుడు ఇంట్లో ఉండగా ఇంకొకర్ని పిలవడమా? గోడకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు విని, "ఏమీ లేదు. మన పల్నాడు నీళ్ళలో సున్నం ఎక్కువ. లోపల పేరుకుంది, అంతే" అని తీర్పు చెప్పాను. వదిన వచ్చిన మర్నాడో, ఆ మర్నాడో, స్నానం చేసి తుండుతో చేతులు తుడుచుకుంటూ వరండాలోకి వచ్చింది.

"చినబ్బాయ్, ఆ పంపు పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటంది."

"చలికి తిమ్మిరి వదినా. ఈ వయసులో అంతే."

"తిమ్మిరైతే పంపు వదిలినాక కూడా ఉండాలిగా?"

"అన్నీ నువ్వే చెబితే ఇంక డాక్టర్లెందుకు?" అని పేపరు తిప్పాను. ఆవిడ ఇంకేమీ అనలేదు. అలా ఊరుకోవడం ఆవిడకి కొత్త కాదని నాకు తట్టాల్సింది. తట్టలేదు. పేపర్లో ఏదో మిరప ధర చూస్తున్నాను.

ఆపరేషన్ బాగా జరిగింది. తలమీద నీళ్ళు పడకూడదు, మెడ కిందనుంచి పోసుకోవాలి, దగ్గకూడదు, తుమ్మకూడదు అని డాక్టరు చెప్పి పంపాడు. నాలుగు రోజులు తిరక్కుండా వదినకి దగ్గు పట్టుకుంది. దగ్గినప్పుడల్లా కన్ను అదురుతోందని నల్లద్దాల మీద చెయ్యి అడ్డం పెట్టుకునేది. కన్ను చూడటానికి వెళ్తే డాక్టరు నా మీద కేకలేశాడు, ఈ వయసు మనిషిని చలిలో తిప్పుతున్నారా అని. తిప్పలేదండీ, గడప దాటనివ్వలేదండీ అని నేనూ గట్టిగానే అన్నాను. సంగతి కనిపెట్టింది సుశీల. వదిన స్నానం చేసి వచ్చిన వెంటనే బాత్‌రూమ్‌లోకి వెళ్తే, అద్దం మీద ఆవిరి లేదు. బకెట్ మీద చెయ్యి పెడితే మంచులా ఉంది.

"ఏంది అక్కా, చన్నీళ్ళు పోసుకుంటన్నావా? ఈ చలిలోనా?"

"నాకు అలవాటేలేమ్మా."

నాకు కోపం వచ్చింది. కోపం ఎందుకో ఇప్పటికీ చెప్పలేను గానీ, వచ్చింది. "ఇదేంటి వదినా! గీజర్ బాగాలేకపోతే చెప్పొచ్చు గదా!"

"చెప్పా గదా. తిమ్మిరన్నావు."

ఆ సాయంత్రమే ఎలక్ట్రీషియన్ వచ్చాడు. నీళ్ళ పంపుకి టెస్టర్ ఆనించగానే దాంట్లో దీపం వెలిగింది. అతను గబుక్కున వెనక్కి జరిగి మెయిన్ కట్టేశాడు. గీజర్ విప్పితే లోపల నీళ్ళు కాచే కమ్మీ పగిలి ఉంది, తొట్టి అడుగు తుప్పుకి జల్లెడ అయింది. తిరగేస్తే ఎర్రటి మడ్డి కారింది. "పెద్దోళ్ళున్న ఇల్లు సార్, దీన్ని ఇన్నాళ్ళూ ఎట్టా వాడారు? షాక్ కొడతందని ఎవురూ చెప్పలేదా?" అన్నాడు. అతను మామూలుగానే అడిగాడు. సుశీల నా వంక చూసింది. ఆ చూపు నుంచి తప్పించుకోవడానికి నేను ఎర్రటి నీళ్ళ వంక చూశాను. ఆ తర్వాత కొన్నాళ్ళు నేను ఎవరికీ కథలు చెప్పలేదు. ఇంట్లోవాళ్ళు నాకు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు. నేను ఆలోచిస్తున్నది మా రాగి బాయిలర్ గురించి.

మా ఊరు రాజుపాలెం దగ్గర. ఇంటి వెనక దొడ్లో, నాలుగు నాపరాళ్ళు నిలబెట్టి కట్టిన స్నానాల గది. దాని పక్కన చిన్న రెల్లు పాక, ఆ పాకలో బాయిలర్. ఇప్పటి పిల్లలకి చెప్పాలంటే, అది మనిషి నడుమెత్తు రాగి పీపా. పీపా మధ్యలో నిలువునా గొట్టం, గొట్టంలో మంట, చుట్టూ నీళ్ళు. పైనుంచి కట్టె పుల్లలు గొట్టంలో జారవిడిస్తే అడుగున జల్లెడ మీద రగిలి, బూడిద కింద పడుతుంది. పక్కన కుళాయి. మాది మిరప, పత్తి పండించే ఇల్లు కాబట్టి అందులో వేసేది ఎండిన పత్తి కట్టె, మిరప కట్టె. మిరప కట్టెకి ఎక్కడో ఒక ఎండు కాయ అంటుకుని ఉండి మంటలో పడిందంటే, దొడ్లో ఉన్నవాళ్ళే కాదు, వీధరుగు మీద కూర్చున్న మా నాన్న కూడా దగ్గేవాడు. మా ఇంట్లో తెల్లవారడం అంటే నాకు ఇప్పటికీ ఆ ఘాటు, ఆ దగ్గులు, రాగి వేడెక్కేటప్పుడు వచ్చే ఒక రకమైన లోహపు వాసన, తడిసిన నాపరాళ్ళ మీద కుంకుడుకాయ నురగ.

ఆ బాయిలర్ మా అమ్మది. అమ్మ పుట్టిల్లు గురజాల. ఊహ తెలియకముందే తల్లి పోయింది, తండ్రి ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. అమ్మ కాపురానికి వచ్చిన కొన్నాళ్ళకి వాళ్ళ అన్నయ్య ఆ బాయిలర్ని బండిమీద వేసుకొచ్చి మా దొడ్లో దించి వెళ్ళాడట. ఆవిడకి పుట్టింటి నుంచి వచ్చిన వస్తువు అదొక్కటే. ఆ తర్వాత ఆయన రాకపోకలు కూడా తగ్గిపోయాయి. శుక్రవారం శుక్రవారం అమ్మ చింతపండు పులుసూ బూడిదా పెట్టి దాన్ని తోమించి, పసుపు రాసి బొట్టు పెట్టేది. ఇంటికెవరొచ్చినా ఏదో ఒక వంకన దొడ్లోకి తీసుకెళ్ళి దాన్ని చూపించేది. మా నాన్న భోజనంలో ఉప్పు తక్కువైతే అనేవాడు, ఎడ్లకి మేత ఆలస్యమైతే అరిచేవాడు, ఆ బాయిలర్ని మాత్రం పల్లెత్తు మాట అనేవాడు కాదు. అది మా ఇంట్లో ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిన కట్టుబాటు. అమ్మ పుట్టింటి వస్తువుకి వంక పెట్టకూడదు.

ఇంకో కట్టుబాటు ఉంది. బాయిలర్ ఎప్పుడూ ఖాళీ కాకూడదు, నీళ్ళు తగ్గితే రాగి కాలిపోతుంది. అందుకని బకెట్ వేడినీళ్ళు పట్టుకున్నవాళ్ళు బకెట్ చన్నీళ్ళు తోడి పైన పోసి పోవాలి. చెప్పుకోవడానికి ఇది అందరికీ వర్తించేదే. మా నాన్న పోయగా నేను చూడలేదు, అన్నయ్య పోయగా చూడలేదు, నేనైతే పోయలేదు. మా స్నానాలు వరసగా సాగుతుంటే, ప్రతి మనిషి వెనకా బావి నుంచి నీళ్ళు తెచ్చి పోసేది వదిన. మంట పెట్టేదీ, బూడిద లాగేదీ ఆవిడే. అందరి తర్వాత, చన్నీళ్ళు పోసీ పోసీ చల్లారిన బాయిలర్లో నీళ్ళతో స్నానం చేసేదీ ఆవిడే. "నాకు అలవాటేలేమ్మా" అని ఆవిడ సుశీలతో అన్నప్పుడు, ఆ అలవాటు ఏ ఇంట్లో అయిందో నాకు తెలుసు.

వదిన కాపురానికి వచ్చిన మొదటి చలికాలం ఆ బాయిలర్ మొరాయించింది. ఎన్ని కట్టెలు వేసినా నీళ్ళు గోరువెచ్చన దాటేవి కావు. మంట నడిమధ్యలో సగబడి పొగ లేచేది. నీళ్ళలో పొగ వాసన. గొట్టంలోంచి సుయ్ సుయ్ మని చప్పుడు. ఇన్ని లక్షణాలు ఒక్కచోట కనబడితే ఇవాళ చిన్నపిల్లవాడు కూడా లోపల కారుతోంది అంటాడు. మా ఇంట్లో పెద్దవాళ్ళందరికీ కనబడింది మాత్రం కొత్తకోడలి బద్ధకం. అమ్మ చెంబులో వేలు ముంచి చూసి, దొడ్డి గుమ్మంలో నిలబడి అడిగేది.

"ఏమే రత్తమ్మా, నీళ్ళు కాచినావా, నీళ్ళకి మంట చూపించి తెచ్చినావా?"

"మంట నిలవట్లేదత్తయ్యా. అడుగున తడిగా ఉంటంది."

"తడా? పచ్చి కట్టె పెట్టుంటావ్. ఇన్నేళ్ళ నుంచీ లేని తడి నువ్వొచ్చినాకే వచ్చిందా? మా పుట్టింటోళ్ళు చిల్లు బాయిలర్ ఇచ్చారంటావా ఏంది?"

అంతటితో ఆ మాట అయిపోయింది. దాని మీద ఇంక ఎవరు మాత్రం ఏమంటారు? వదిన ఇంకా ముందు లేవడం మొదలుపెట్టింది. కోడి కూయకముందే దొడ్లో ఊదుగొట్టంతో మంట ఊదుతున్న చప్పుడు వినబడేది. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉండేవి. మిరప కట్టె ఘాటు అనుకునేవాళ్ళం. అన్నయ్య తలొంచుకుని గోరువెచ్చటి నీళ్ళు పోసుకుని చేలోకి పోయేవాడు. ఇక నా సంగతి. ఇంటికి చివరివాణ్ణి, అమ్మకి ముద్దు. వదినకి నేను ఒక పేరు పెట్టాను. సల్లనీళ్ళ వదిన. "సల్లనీళ్ళ వదినొచ్చె, వణుకు వణుకు పుట్టించె" అని పాట కూడా కట్టాను. పాట వీధిలోకి పోయింది. బావి దగ్గర ఆడవాళ్ళు ఆవిణ్ణి చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. ఎవరైనా పాడమని అడిగితే, అరుగెక్కి మరీ పాడేవాణ్ణి.

చివరికి అమ్మ మాచవరం కబురు పంపింది. మీ అమ్మాయికి పొయ్యి రాజేయడం రాదు, తీసుకెళ్ళి కొన్నాళ్ళు పని నేర్పించి పంపండి అని. మా వైపు కోడలి పుట్టింటికి పంపే కబుర్లలో అంతకంటే చెడ్డది లేదు. అలా వెళ్ళిన పిల్ల మళ్ళీ ఎప్పుడు వస్తుందో, వచ్చినా ఏ మొహంతో వస్తుందో వీధి మొత్తం చెప్పుకుంటుంది. వదిన వాళ్ళ నాన్న బండి కట్టుకుని వచ్చాడు. మెత్తటి మనిషి. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని అరుగు చివర కూర్చున్నాడు. చుట్టాలు ఇద్దరు ముగ్గురు కూడా ఉన్నారు. వదిన తలుపు వెనక మూట పెట్టుకుని నిలబడింది.

అప్పుడు జరిగిందే నేను ఇన్నేళ్ళుగా చెప్పుకుంటున్న కథ. దాంట్లోంచి గాలి తీసేస్తే మిగిలేది ఇది. నేను బాయిలర్‌కి చెవీ ఆనించలేదు, గివీ ఆనించలేదు. ఆ సుయ్ సుయ్ బావి దాకా వినబడేది. చెవిటివాడు కూడా వినేవాడు. ముందురోజు సాయంత్రం బాయిలర్ కింద బూడిదలో ఒక చిలగడదుంప కప్పెట్టాను, తెల్లారేసరికి ఉడుకుతుందని. పొద్దున్నే తీస్తే పచ్చిగా, బురద ముద్దలా వచ్చింది. చెయ్యి పెడితే బూడిద తడి. ఆ దుంప పట్టుకుని పరిగెత్తుకొచ్చి, పెద్దవాళ్ళ మధ్యలో నిలబడి అరిచాను. "అమ్మా, మన బాయిలర్ కారతంది!"

నాన్న లేచి దొడ్లోకి వెళ్ళాడు, బూడిదలో చెయ్యి పెట్టాడు, బూడిద చేత్తోనే తిరిగొచ్చి ఆ చెయ్యి అమ్మకి చూపించాడు. వదిన అదే మాట ఎన్నోసార్లు అంది. నేను ఒక్కసారి అన్నాను. అమ్మ నన్ను దగ్గరికి తీసుకుని, "పసోడైనా పసిగట్టాడు చూడు" అంది. పంచదార పోసిన మాట నిజం. చుట్టాలు వీపు తట్టిన మాట నిజం. ఎడ్లను విప్పేశారన్నది మాత్రం అబద్ధం. అమ్మే అంది, "ఎట్టాగూ బాయిలర్ బాగుకి పోయిద్ది గదా. బండి కట్టుకొచ్చాడు మీ నాన్న, ఉట్టి బండి పంపడమెందుకు, పోయి కొన్నాళ్ళుండి రా" అని. మాట తియ్యగానే ఉంది. వదిన బండెక్కింది. వీధి అంతా చూసింది, చూసి తమకి ముందే తెలిసినట్టు తలలాడించింది. నేను బండి వెనక ఊరి చివరదాకా పరిగెత్తాను. ఏడుస్తూ పరిగెత్తానని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. పాట పాడుతూ పరిగెత్తాను. బాయిలర్ తప్పని నలుగురిలో చెప్పినవాణ్ణి నేనే. అయినా పాట కుదిరింది గదా, వదలబుద్ధి కాలేదు. బండి వెనక కూర్చున్న వదిన నన్ను చూస్తూనే ఉంది. తిట్టలేదు.

ఇంకొకటి ఎవరికీ చెప్పనిది ఉంది. బాయిలర్ని నరసరావుపేటలో గిన్నెలకి మాట్లు వేసే అతని దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు నాన్న వెంట నేనూ వెళ్ళాను. అతను దాన్ని పడుకోబెట్టి గొట్టంలోకి చూసి, "పాత మాటు ఊడిందయ్యా" అన్నాడు. మేము ఎప్పుడూ మాటు వేయించలేదే అన్నాడు నాన్న. "మీరు కాదు, మీకంటే ముందు. ఇది అప్పటికే వాడిన సరుకు. మసి గీకి మెరుగు పెట్టి అమ్ముంటారు." నాన్న వంగి ఆ మాటు మీద వేలు పెట్టి చూశాడు. మా మేనమామ చెల్లెలికి కొత్తదని తెచ్చి దించింది, ఎవరో వాడి పారేసిన బాయిలర్. తిరుగు దారిలో నాన్న నా భుజం మీద చెయ్యి వేసి, "ఒరేయ్, ఈ సంగతి ఇంట్లో అనమాక. మీ అమ్మకి అది కొత్తదే, కొత్తదిగానే ఉండనీ" అన్నాడు. నాన్న అంత మెత్తగా మాట్లాడగా నేను వినడం అదే మొదలు. అనలేదు. ఆ మాట అనకపోవడం వల్ల ఏమైందంటే, బాయిలర్ బాగై వచ్చాక, వదిన కూడా తిరిగొచ్చాక, అమ్మ వచ్చేపోయేవాళ్ళకి కొత్త కథ చెప్పడం మొదలుపెట్టింది. కోడలు కట్టెలు గుప్పించి గుప్పించి మంట పెట్టింది, రాగి మాత్రం ఎంతకని తట్టుకుంటుంది, చిల్లు పడింది అని. బద్ధకస్తురాలు కాస్తా దుబారా మనిషి అయింది. ఆ తర్వాత మా ఇంట్లో ఏది పగిలినా, ఏది చిరిగినా, "రత్తమ్మ చెయ్యి పడిందా?" అనేవాళ్ళు. నాన్న విని ఊరుకునేవాడు. ఆయన వంక చూసి నేనూ ఊరుకునేవాణ్ణి. భార్య మనసు నొప్పించకూడదని ఆయన చేసింది మంచిపనే. ఆ మంచికి ఖర్చంతా వదిన ఖాతాలో పడిందని నాకు ఈ వయసులో గాని తెలియలేదు.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏముందని ఈమధ్య లెక్క వేసుకుంటున్నాను. రాగి పోయింది, మిరప కట్టె ఘాటు పోయింది, బావి పూడింది. వేడినీళ్ళకి తెల్లవారుజామున లేచి గొట్టం ఊదాల్సిన ఆడమనిషి మా ఇంట్లో లేదు, గోడకి మీట ఉంది. మారాం అనుకున్నాను. నీళ్ళు కాచే వస్తువుకి జబ్బు చేసినప్పుడు అది ఏదీ దాచుకోదు. కారుతుంది, చప్పుడు చేస్తుంది, రంగు మారుతుంది, వాసన వేస్తుంది. దాని పక్కన నిలబడే మనిషి నోరు తెరిచి చెబుతుంది కూడా. ఆ చలికాలం వదిన మాట కొట్టేసింది మా అమ్మ. పోయిన చలికాలం కొట్టేసింది నేను. అమ్మకి చదువు లేదు, పుట్టింటి మీద బెంగ ఉంది. నాకు ఏముంది? పేపరు ఉంది.

ఇదంతా రాసి, పోయిన వారం మాచవరం వెళ్ళాను. వదినకి చూపు బాగానే వచ్చింది గానీ చదివితే కళ్ళు నీళ్ళు కారుతున్నాయంటే, నేనే చదివి వినిపించాను. మధ్యాహ్నం, వాళ్ళ పంచలో. ఆవిడ చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. పాట దగ్గర నాకు కన్నీళ్ళొచ్చాయి. చివరికి వచ్చేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. క్షమించానంటుందని కాదు గానీ, పోనీలే అబ్బాయ్ అని మాత్రం అంటుందని ఎదురుచూశాను. ఆవిడ పప్పు చెరిగి, పొట్టు ఊది, అడిగింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది వదినా."

"మాటు సంగతి నాకు తెలవదనుకున్నావా? లోపల చెయ్యి పెట్టి తోమింది నేను. మీ అమ్మకి ఉన్నదే అదొకటి, పోనీలే అని నేనే ఊరుకున్నా. అది ఆడోళ్ళ సంగతి, నీకెందుకు? ఆ దుంపేంది?"

"బూడిదలో పెట్టిన చిలగడదుంప..."

"దుంపా లేదు, గింపా లేదు. నువ్వు కనిపెట్టలా. నేను చూపించా. నీ చెయ్యి పట్టుకుని బూడిదలో పెట్టి, ఇదుగో తడి, అమ్మతో చెప్పు చినబ్బాయ్, నా మాట వినదు, నువ్వు చెబితే వింటది అన్నా. నువ్వు చెయ్యి దులుపుకుని, చెబితే నాకేం పెడతావన్నావు."

నాకు గుర్తు లేదు. ఒట్టు పెట్టి చెబుతున్నాను, ఎంత వెతికినా గుర్తు రాలేదు. దుంప మాత్రం ఇప్పటికీ నా చేతిలో తగులుతోంది, బురదతో సహా.

"ఏం పెట్టావు వదినా?"

"మా అమ్మ మూటగట్టి పంపిన సున్నుండలు పెట్టా. తిన్నావు. తిని కూడా చెప్పలా. రోజూ అడిగేదాన్ని, రేపనేవాడివి. ఎప్పుడో మా నాన్న బండి కట్టుకుని వచ్చినాక, చుట్టాలు కూచున్నప్పుడు, నలుగురూ మెచ్చుకుంటారని అప్పుడు చెప్పావు."

నేను కాగితాలు మడిచాను. వదిన చేట పక్కన పెట్టి నా వంక చూసింది, కొత్త కన్నుతో, సూటిగా.

"అప్పుడేమో గొప్పంతా నీదే అన్నావు. ఇప్పుడేమో తప్పంతా నీదేనని రాసుకుని, చదువుకుంటా నువ్వే ఏడుస్తన్నావు. ఆ చలికాలం ఏడ్చింది నేను అబ్బాయ్. పదేళ్ళ పిల్లోడి గడ్డం పట్టుకుని బతిమిలాడింది నేను. అది రాయి ముందు."